హెడ్‌స్టాక్‌లో బెజ్జం పెద్దది చేయడం: కొలత కన్నా కేంద్రం ముఖ్యం

సభకు నమస్కారం.

గిటారు వాయించేవారూ, గిటార్లు బాగుచేసేవారూ కలిసి కూర్చున్న సభ ఇది. అందుకే మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు చేతబట్టే ఒక చిన్న పని గురించి మాత్రమే మాట్లాడతాను. గిటారు తల అయిన హెడ్‌స్టాక్ మీద తీగలను బిగించి శ్రుతి చేసే పాత ట్యూనర్లు విప్పేసి కొత్తవి తెచ్చుకుంటాం. తీరా బిగించబోతే కొత్త ట్యూనర్ పాత బెజ్జంలో దూరదు, బెజ్జాన్ని పెద్దది చేయాల్సి వస్తుంది.

దీనికి కారణం కొలతల్లోనే ఉంది. పాత క్లూసన్ తరహా ట్యూనర్లకు బెజ్జంలోకి నొక్కి దించే సన్నని బుషింగ్, అంటే ట్యూనర్ కమ్మీని పట్టి ఉంచే చిన్న లోహపు గొట్టం, ఉంటుంది. దానికి సుమారు 8.7 మిల్లీమీటర్ల వ్యాసం చాలు. గ్రోవర్ రోటోమాటిక్, షాలర్ వంటి, పళ్లచక్రాలు మూసిన డిబ్బీలో ఉండే ట్యూనర్లకు ముందువైపు నుంచి మరతో బిగించే బుషింగ్ ఉంటుంది కనుక సాధారణంగా 10 మిల్లీమీటర్లు కావాలి. తేడా 1.3 మిల్లీమీటర్లు. అంటే బెజ్జం చుట్టూ తీయవలసిన చెక్క 0.65 మిల్లీమీటర్ల మందం మాత్రమే. ఈ అంకె చిన్నదిగా కనిపించడం వల్లనే మనం తొందరపడతాం.

నేనూ తొందరపడ్డాను. ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో చేతి డ్రిల్లుకు 10 మిల్లీమీటర్ల మామూలు బిట్ తగిలించి నా సొంత గిటారు మీదే ప్రయత్నించాను. బిట్ అంచును తాకగానే చెక్కను కొరుకుతూ ఒక్కసారిగా లోపలికి దూసుకుపోయింది; ముందువైపు చెక్క మీది మెరుపు పూత, అంటే లక్కర్, గోరంత మేర పెచ్చుగా లేచిపోయింది; బెజ్జం కూడా ఒక పక్కకు జరిగింది. చెక్కలో కొత్తగా బెజ్జం వేసేటప్పుడు బిట్ మొన మధ్యలో నాటుకొని మిగతా భాగానికి దారి చూపుతుంది. ఉన్న బెజ్జాన్ని పెద్దది చేసేటప్పుడు ఆ మధ్యలో ఉన్నది ఖాళీయే. మొనకు ఆధారం లేదు, పని చేసేవి అంచులు మాత్రమే, అవి చెక్క ఎటు మెత్తగా ఉంటే అటు లాగుతాయి. కాబట్టి ఈ పనిలో అసలు ప్రశ్న బెజ్జం ఎంత పెద్దదవుతుందన్నది కాదు, దాని కేంద్రం ఉన్నచోటే నిలుస్తుందా అన్నది. ఆరు ట్యూనర్లూ ఒకే వరుసలో ఉండే ఫెండర్ తరహా హెడ్‌స్టాక్ మీద ఒక్కటి అర మిల్లీమీటరు తప్పినా కంటికి తెలిసిపోతుంది. పక్కపక్కన ఉండే డిబ్బీలు ఒకదానికొకటి ఒరుసుకోనూవచ్చు.

కేంద్రాన్ని కాపాడే మార్గాలలో నాకు ఎక్కువ నమ్మకమున్నది, ముందుభాగం పాత బెజ్జంలో వదులు లేకుండా కూర్చొని, దాని వెనుక భాగం 10 మిల్లీమీటర్లకు కోసే రీమర్, అంటే ఉన్న బెజ్జం గోడను గీకి పెద్దది చేసే పరికరం. అది దొరకనప్పుడు పాత బెజ్జాన్ని అదే జాతి చెక్కతో చేసిన కడ్డీతో, జిగురు పెట్టి పూడ్చి, ఒక రోజు ఆరనిచ్చి, కేంద్రం గుర్తించి, డ్రిల్ ప్రెస్ మీద మధ్యలో మొన ఉన్న బిట్‌తో కొత్తగా వేయడం మంచిది. శ్రమ ఎక్కువే, కానీ మొనకు ఆధారం దొరుకుతుంది. వెనకవైపు ఒక చెక్కముక్కను గట్టిగా అదిమి బిగించకపోతే బిట్ బయటపడే చోట చెక్క చిట్లుతుంది.

ఇక మూడో మార్గమైన, మొన వైపు సన్నబడే రీమర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వీణ బిరడలూ, వయొలిన్ బిరడలూ ఒక వైపు సన్నబడుతూ ఉంటాయి. వాటి బెజ్జం కూడా అలాగే వాలుగా ఉండాలి, ఆ రెండు వాలులూ ఒరుసుకొని పట్టు ఇస్తాయి. ఈ రీమర్ ఆ పనికి తగిన పరికరం. గిటారు ట్యూనర్‌కు కావలసింది ఈ చివర నుంచి ఆ చివర వరకు ఒకే వ్యాసం. అందుచేత ఈ రీమర్‌ను చేత్తోనే, ముందు నుంచి కొంత, వెనక నుంచి కొంత తిప్పుతూ, నాలుగైదు తిప్పుళ్లకొకసారి బుషింగ్ పెట్టి చూసుకోవాలి. నడుమ మిగిలే సన్నని భాగాన్ని పుల్లకు చుట్టిన ఉప్పు కాగితంతో తీయాలి. మొదటి కొన్ని తిప్పుళ్లు ఎదురు దిశలో తిప్పితే పళ్లు చెక్కను పట్టకముందే లక్కర్ అంచు గీరుకుపోతుంది, పెచ్చు లేవదు. పాత గిటార్ల నైట్రోసెల్యులోజ్ లక్కర్ పెళుసు కనుక ఈ జాగ్రత్త వాటికి మరీ అవసరం.

అయితే ఇదంతా మొదలుపెట్టే ముందు ఒక్కసారి నట్, అంటే తీగలు హెడ్‌స్టాక్‌లోకి వెళ్లే ముందు ఆనే పట్టీ, దాని గాడులు చూడండి. శ్రుతి నిలవడం లేదని నా దగ్గరకు వచ్చిన గిటార్లలో చాలావాటికి తప్పు ట్యూనర్‌లో లేదు. తీగ నట్‌లో పట్టేయడం వల్లనో, తీగను సరిగా చుట్టకపోవడం వల్లనో వచ్చింది. ట్యూనర్ నిజంగానే పాడైతే, పాత బెజ్జంలోనే కూర్చునే కొత్త ట్యూనర్లు మార్కెట్లో ఉన్నాయి. 1950ల నాటి గిబ్సన్ లెస్ పాల్ గిటార్లకు 1960, 70 దశకాల్లో ఎందరో గ్రోవర్‌లు బిగించుకున్నారు. అప్పట్లో అది మెరుగుదల, నేడు అవే బెజ్జాలు సేకర్తల దృష్టిలో వాటి విలువను తగ్గిస్తున్నాయి. 10 మిల్లీమీటర్ల బెజ్జంలో క్లూసన్‌ను తిరిగి నిలపడానికి మందపాటి బుషింగ్‌లు దొరుకుతాయి, కానీ తీసిన చెక్క తిరిగి రాదు.

కొత్తవి బిగించాక, పాత ట్యూనర్లను మరలతోనూ బుషింగ్‌లతోనూ సహా ఒక సంచిలో వేసి గిటారు పెట్టెలోనే ఉంచండి.