వన్ హాట్ మినిట్: ఇందులో ఫంక్ ఉందా, లేదా?

నమస్తే అండీ. ఇవాళ 1995 సెప్టెంబర్‌లో వచ్చిన ఒక ఆల్బమ్ గురించి మాట్లాడుకుందాం. అమెరికన్ రాక్ బ్యాండ్ రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్ వాళ్ళ వన్ హాట్ మినిట్. ఈ బ్యాండ్‌ని ప్రాణంగా ప్రేమించేవాళ్ళు ఇద్దరు ఒకచోట చేరితే, మాట ఈ ఆల్బమ్ మీదికి వచ్చిందంటే చాలు, ఇక తెగదు. ఒకరు ఇది అసలు పెప్పర్స్ ఆల్బమే కాదంటారు, ఇంకొకరు వాళ్ళు ఇంత మనసు విప్పి పాడిన రికార్డు ఇంకోటి లేదంటారు. ఇద్దరూ పాటలు బాగా వినే చెబుతున్నారు, ఏదో నోటికొచ్చింది అనడం లేదు. అందుకే ఈ గొడవంటే నాకు ఇష్టం, దీని మీద ఒక వీడియో చేయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

ముందు కథ కొంచెం చెప్పాలి. 1991లో వాళ్ళ బ్లడ్ షుగర్ సెక్స్ మ్యాజిక్ ఆల్బమ్ వచ్చి వీళ్ళని ఎక్కడికో తీసుకెళ్ళింది. అమెరికాలోనే 70 లక్షల కాపీలకు సర్టిఫికెట్ వచ్చింది. ఆ పేరు, ఆ హడావుడి గిటారిస్ట్ జాన్ ఫ్రూషాంటే తట్టుకోలేకపోయాడు. 1992లో జపాన్ టూర్ మధ్యలోనే బ్యాండ్ వదిలేశాడు. ఆ తర్వాత ఒకరిద్దరు గిటారిస్టులు వచ్చి వెళ్ళారు, చివరికి 1993లో, అంతకుముందు జేన్స్ అడిక్షన్ అనే రాక్ బ్యాండ్‌లో వాయించిన డేవ్ నవారో వచ్చాడు. అతనితో చేసింది ఈ ఒక్క ఆల్బమే. 1998లో నవారో వెళ్ళిపోయాడు, ఫ్రూషాంటే తిరిగొచ్చాడు, 1999లో కాలిఫోర్నికేషన్ ఆల్బమ్ వచ్చి అందరూ మళ్ళీ పండగ చేసుకున్నారు. మధ్యలో ఈ రికార్డు ఒంటరిదైపోయింది.

ఇక అసలు విషయం. నచ్చనివాళ్ళు ముఖ్యంగా చెప్పేది ఒకటే: ఇందులో ఫంక్ లేదు, అంటే తాళమే ప్రాణంగా సాగి ఒళ్ళు ఊగించే ఆ సంగీతం లేదు. ఆ మాట నిజమో కాదో తేలాలంటే ఫంక్ ఎలా తయారవుతుందో కాస్త దగ్గరగా చూడాలి.

ఫంక్ గిటార్ వాయించేవాళ్ళ కుడిచేతిని గమనించండి. అది ఆగదు, తాళం మీద సన్నగా, వేగంగా పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఎడమచేయి మాత్రం తీగల్ని పూర్తిగా నొక్కదు, ఊరికే ఆనించి ఉంచుతుంది. అప్పుడు స్వరం పలకదు, చిక్ చిక్ అని ఒక పొడి చప్పుడు వస్తుంది. ఎక్కడో ఒక దెబ్బకి వేళ్ళు గట్టిగా నొక్కుతాయి, ఒక్క స్వరం మెరిసి మాయమైపోతుంది. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీలోకి బేస్ గిటార్ లోతైన శబ్దం వచ్చి కూర్చుంటుంది, డ్రమ్ మొదటి దెబ్బ బలంగా పడుతుంది, వింటున్నవాళ్ళ తల దానంతట అదే ఊగుతుంది. ఫంక్‌కి ఆద్యుడైన గాయకుడు జేమ్స్ బ్రౌన్ దగ్గర్నుంచి అందరూ చేసింది ఇదే. సంగీతకారుడు జార్జ్ క్లింటన్ ఈ విద్యలో ఆరితేరినవాడు, 1985లో పెప్పర్స్ రెండో ఆల్బమ్‌కి ఆయనే నిర్మాత. కాబట్టి ఈ బ్యాండ్ ఫంక్ నేర్చుకున్నది గురుముఖంగానే.

బ్లడ్ షుగర్‌లోని గివ్ ఇట్ అవే పాట ఒకసారి గుర్తుచేసుకోండి. అందులో గిటార్ ఎంత తక్కువ వాయిస్తుందో చూడండి, అంత తక్కువ వాయించడానికి చాలా ధైర్యం కావాలి. ఫ్రూషాంటేకి ఆ ధైర్యం ఉంది.

నవారో దారి వేరు. అతను గిటార్ మీద గిటార్ పేరుస్తాడు, ఒక పొర మీద ఇంకో పొర, దాని మీద ఎకో, అడుగున డిస్టార్షన్, అంటే గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే మోత. జేన్స్ అడిక్షన్‌లో అతని గొప్పతనమే అది. ఫంక్ తన మనసుకి పెద్దగా తాకదని అతను తనే చెప్పాడు, కానీ ఇష్టమైన మనుషులతో కలిసి వాయిస్తుంటే అది కూడా ఆనందంగానే ఉంటుందని కూడా అన్నాడు. ఈ రెండో సగాన్ని ఎవ్వరూ గుర్తుపెట్టుకోరు, నాకు అదే బాధ. మొదటి పాట వార్ప్‌డ్ పెట్టగానే వినిపించేది ఆ పొరలే. ఎక్కడా సందు లేదు, గాయకుడు ఆంథొనీ కీడిస్ గొంతు కూడా ఆ మోతలో మునిగి తేలుతుంటుంది. పెప్పర్స్ అనుకుని వచ్చినవాళ్ళకి అక్కడే మనసు విరిగిపోతుంది. నేనూ మొదటిసారి మూడో నాలుగో పాట దగ్గర ఆపేశాను, మళ్ళీ పూర్తిగా వినడానికి చాలా కాలం పట్టింది.

నిర్మాత రిక్ రూబిన్ పాడుచేశాడని కొందరంటారు. అది నేను ఒప్పుకోను, ఎందుకంటే బ్లడ్ షుగర్ చేసింది కూడా ఆయనే. ఇంకో మాట ఏమిటంటే, ఆల్బమ్ మరీ పొడుగైపోయిందని. లెక్క చూద్దాం. ఇందులో 13 పాటలు, మొత్తం నిడివి గంట, మహా అయితే ఒక నిమిషం ఎక్కువ. బ్లడ్ షుగర్‌లో 17 పాటలు, 70 నిమిషాలు దాటుతుంది. మరి దాన్ని పొడుగని ఎవరూ అనరే? అక్కడ పాటల లోపల ఊపిరి పీల్చుకోవడానికి చోటుంది, ఇక్కడ లేదు, అందుకే చిన్నదైనా పెద్దదిగా అనిపిస్తుంది. వాళ్ళ చెవి తప్పు చెప్పడం లేదు, కారణం మాత్రం గడియారంలో లేదు, గిటార్‌లో ఉంది.

అయితే ఫంక్ లేదన్న మాట దగ్గర మాత్రం నేను గట్టిగా నిలబడతాను. ఉంది. ఇందులోని ఏరోప్లేన్ పాట పెట్టుకుని, వీలైతే హెడ్‌ఫోన్స్‌లో, గొంతుని వదిలేసి బ్యాండ్ బేసిస్ట్ ఫ్లీ వాయించే బేస్ ఒక్కటే పట్టుకోండి. బొటనవేలితో తీగని కొట్టి, ఇంకో వేలితో లాగి వదులుతుంటే ఆ శబ్దం నేల మీద బంతి ఎగిరినట్టు ఉంటుంది. పాట చివర్లో పిల్లలందరూ కలిసి పాడతారు, అందులో ఫ్లీ కూతురూ, ఆమె తోటి పిల్లలూ ఉన్నారు. అంత చీకటి రికార్డులో ఆ పిల్లల గొంతులు వినిపించే చోట నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. తర్వాత వాకబౌట్ వినండి. ఐదు నిమిషాల పాటు తొందర లేకుండా నడిచే పాట అది, అందులో నవారో, గిటార్‌ని వా వా అనిపించే వా పెడల్ మీద కాలేసి, తక్కువ వాయించి, పక్కకి తప్పుకుని బేస్‌కి దారిస్తాడు. ఫంక్ చేతకాని మనిషి వాయించినట్టు అనిపిస్తుందా మీకు? కాఫీ షాప్ అనే పాటలో చివర ఫ్లీ ఒక్కడే చెలరేగిపోతాడు, అది కూడా లెక్కలోకి రావాలి కదా.

ఇష్టపడేవాళ్ళు సాధారణంగా ఫంక్ సంగతే ఎత్తరు. వాళ్ళు మాటల గురించి చెబుతారు, అక్కడ వాళ్ళ వాదన చాలా బలంగా ఉంటుంది. 1988లో ఈ బ్యాండ్ మొదటి గిటారిస్ట్ హిల్లెల్ స్లోవాక్ హెరాయిన్‌తో చనిపోయాడు. ఆ తర్వాత మత్తు మానేసిన కీడిస్ ఐదేళ్ళకు పైగా నిలబడి, 1994లో మళ్ళీ అందులో పడ్డాడు. వార్ప్‌డ్ ఆ పడిపోవడం గురించే. టియర్‌జెర్కర్ పాట 1994లో పోయిన నిర్వాణా బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబెన్ గురించి. ఆఖరి పాట ట్రాన్‌సెండింగ్, 1993లో 23 ఏళ్ళకే చనిపోయిన నటుడు రివర్ ఫీనిక్స్ గురించి. రివర్ ఫ్లీకి ప్రాణస్నేహితుడు, ఆ మాటలు రాసింది కూడా ఫ్లీయే. మొదట మెల్లగా మొదలై చివరికి అరుపులైపోతుంది ఆ పాట. దుఃఖం వచ్చినప్పుడు ఎవరూ ఆచితూచి మాట్లాడరు, ఉన్న చోటంతా ఏడుపుతో నిండిపోతుంది, ఆ సమయంలో ఖాళీలు వదలమని అడగడం నాకు సరిగా అనిపించదు. ఇలా ఆలోచిస్తే ఈ ఆల్బమ్‌కి నవారో గిటారే కావాలేమో.

అలాగని అన్నీ వెనకేసుకురాను. షాలో బి దై గేమ్ లాంటి ఒకటి రెండు పాటలు లేకపోయినా నాకు వెలితి అనిపించదు. టైటిల్ పాట మొదలు బాగుంటుంది, కానీ చెప్పాల్సింది అయిపోయాక కూడా సాగుతుంది.

ఈ ఆల్బమ్ అమ్మకాల్లో దెబ్బతిందని ఒక ప్రచారం ఉంది, అది సగమే నిజం. అమెరికా చార్టులో 4వ స్థానం దాకా వెళ్ళింది, అక్కడ డబుల్ ప్లాటినం, అంటే 20 లక్షలు. ఇందులోని మై ఫ్రెండ్స్ పాట రాక్ రేడియోలో నంబర్ వన్ అయింది. కాకపోతే ముందున్న 70 లక్షల పక్కన పెట్టి చూస్తే ఎవరికైనా చిన్నగానే కనిపిస్తుంది. బ్యాండ్ కూడా దీన్ని దగ్గరికి తీసుకోలేదు. 2003లో గ్రేటెస్ట్ హిట్స్ వేస్తే ఇందులోంచి మై ఫ్రెండ్స్ ఒక్కటే తీసుకున్నారు. ఏళ్ళ తరబడి స్టేజి మీద ఫ్లీ ఒక్కడే అప్పుడప్పుడూ ఇందులోని పీ అనే చిన్న పాట పాడేవాడు, అంతే.

2016లో ఏరోప్లేన్ మళ్ళీ స్టేజి ఎక్కింది. అప్పుడు గిటార్ పట్టుకున్నది జాష్ క్లింగ్‌హాఫర్, అంటే నవారో కాదు, ఫ్రూషాంటే కూడా కాదు. ఆ పాత గొడవతో ఏ సంబంధమూ లేని మూడో మనిషి. ఆ వీడియోలు దొరికితే చూడండి. ఫ్లీ ఆ బేస్ మొదలుపెట్టగానే జనం నుంచి ఎలాంటి కేక వస్తుందో వినండి, తర్వాత మీరు ఏ పక్షమో నాకు చెప్పండి.