గోదావరి డెల్టాలో వరికోతలు చూడ్డానికి వెళ్తున్నారా? డేటు ఖాయం చేసుకునే ముందు ఈ రివ్యూ చూడండి

నమస్తే అండీ. కొండవాలు మీంచి మెట్లుమెట్లుగా దిగే వరి మళ్లు కోనసీమలో ఎక్కడుంటాయని చాలామంది అడుగుతుంటారు. ఉండవండీ. అవి కావాలంటే పాడేరు, అరకు వైపు ఏజెన్సీ ఎక్కాలి. గోదావరి డెల్టా అంటే బల్లపరుపు నేల. ఇక్కడ మెట్లు చేలల్లో కాదు, కాలువల్లో ఉంటాయి. ఏదైనా లాకు దగ్గర, అంటే కాలువకి అడ్డంగా తలుపులు పెట్టిన చోట, ఒక్క నిమిషం ఆగి చూడండి. తలుపులకి ఎగువన నీళ్లు ఒక ఎత్తులో, దిగువన ఇంకో ఎత్తులో కనిపిస్తాయి. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేయించాక, గోదారి నీళ్లు అక్కణ్నుంచి సముద్రం దాకా అలా ఒక్కో మెట్టూ దిగుతూ పోతున్నాయి. మీ ట్రిప్పు డేటు నిర్ణయించేది కూడా ఆ మెట్లే.

ఎలాగంటే, కాలువ నీళ్లు ముందు అందిన చోట ఊడ్పులు ముందు, కాబట్టి కోతలూ ముందే. కాలువ చివర ఉండే శివారుకి నీళ్లు చేరేసరికి ఆలస్యం. పైగా అక్కడ పల్లం, మురుగు తొందరగా లాగదు. నాటిన చేను వానకి మునిగిపోతే మళ్లీ ఊడవాల్సి వస్తుంది. అందుకే సార్వా, అంటే వానాకాలం వరి, కోతలకి డెల్టా అంతటికీ ఒకే తేదీ అంటూ ఉండదు. మండపేట, అనపర్తి వైపు నవంబరులోనే మిషన్లు దిగిపోతుంటే, ఉప్పలగుప్తం, కాట్రేనికోన లాంటి సముద్రం పక్క మండలాల్లో డిసెంబరు సగం గడిచినా చేను నిలబడే ఉండొచ్చు. ఒక ఊరు తీసుకుంటే మాత్రం అంతా పది పదిహేను రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత వెళ్తే మీకు మిగిలేది కొయ్యకాళ్లే.

మా సలహా నవంబరు 15 నుంచి డిసెంబరు 10 లోపు. బయల్దేరే ముందు తెలిసినవాళ్లకి ఫోన్ చేసి "కోతలు మొదలయ్యాయా" అని అడక్కండి, ఎవరైనా "ఆయ్, అవుతున్నాయండీ" అనేస్తారు. "చేలో నీళ్లు తీసేశారా" అని అడగండి. నీళ్లు తీసిన వారం పది రోజులకి కోత. నేల కాస్త గట్టిపడితేనే మనిషైనా, మిషనైనా దిగేది. ఆ వారం పది రోజులే చూడ్డానికి బాగుండేది కూడా. కంకులు తలలొంచి, చేను మొత్తం ఒకే రంగులోకి తిరుగుతుంది. స్వర్ణ చేను అయితే ఆ రంగు ఉత్త పసుపు కాదు, ఎర్ర జీర ఉన్న బంగారం రంగు. ఈ స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధనా కేంద్రం వాళ్లు 1982లో విడుదల చేసింది. సుమారు 150 రోజుల పంట. ఇప్పుడు కొత్త రకాలు చాలానే వచ్చాయి కాబట్టి, పక్కపక్క చేలల్లో రెండు మూడు రంగులు కనిపిస్తే అది రకాల తేడా అని గుర్తుపట్టండి. ఒకే చేలో మచ్చలు మచ్చలుగా గోధుమ రంగు కనిపిస్తే మాత్రం సంబరపడి ఫొటో తీయకండి. అది దోమపోటు, అంటే దోమ రసం పీల్చేసి చేను ఎండిపోవడం, కావచ్చు.

ఇప్పుడు కోత. చేతికోత చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి, ఎండ ముదరకముందే సగం పని అయిపోతుంది. కొడవలితో కోసి పనలు వరసగా పరుస్తారు. ఎండని బట్టి మూడు నాలుగు రోజులు ఆరాక కట్టలు కట్టి కుప్ప వేస్తారు. కుప్పని దగ్గరగా చూడండి. కంకులన్నీ లోపలికి, మొదళ్లన్నీ బయటికి ఉంటాయి. వానొస్తే పైన తడిసేది గడ్డే, గింజ కాదు. గడ్డి పొడుగ్గా, నలక్కుండా రావడం కూడా చేతికోతలోనే. అందుకే పశువులున్న ఇళ్లవాళ్లు కొంత చేనైనా చేత్తో కోయిస్తారు. కూలీలు దొరకడం కష్టమవుతున్న కొద్దీ ఇది తగ్గిపోతోంది. కాబట్టి కనిపిస్తే వదలొద్దు.

కోత మిషన్ చూడాలంటే ఆరింటికే వెళ్లి పడిగాపులు పడనక్కర్లేదు. మంచు ఆరందే అది కదలదు. తడిగడ్డి లోపల చుట్టుకుని మిషన్ పట్టేస్తుంది, గింజ గడ్డితోపాటు వెనక్కి పోతుంది. పదింటికి వెళ్తే సరిపోతుంది. నేల ఇంకా మెత్తగా ఉంటే టైర్లది దిగబడిపోతుంది కాబట్టి చైన్ మిషన్ తెస్తారు. చేను నిలబడి ఉంటే ఎకరం సుమారు గంట. గాలికి పడిపోయిన చేను అయితే ఎదురు దిక్కు నుంచి మెల్లగా ఎత్తుకుంటూ కోయాలి, టైము బాగా పెరుగుతుంది. అద్దె గంట లెక్కన అయితే ఆ ఖర్చు రైతు మీదే. మీరు నిలబడాల్సింది గాలి వచ్చే వైపు. వెనకవైపు నిలబడితే గడ్డి, దుమ్ము, నూగు మొత్తం మీ మీదే, సాయంత్రం దాకా దురద. ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి. మిషన్ వెనకాలే తెల్ల కొంగలు బారులు తీరతాయి, ఈ ట్రిప్పులో అన్నిటికన్నా మంచి వీడియో అదే.

చేలోకి దిగడం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. నీళ్లు తీసిన చేను చూడ్డానికి ఖాళీగా ఉన్నట్టుంటుంది. కానీ దాళ్వా, అంటే సార్వా తర్వాత వేసే రెండో వరి, వేయని చోట్ల కోతకి రెండు మూడు రోజుల ముందే వరిలోనే మినుము, పెసర చల్లేస్తారు. ఆ తడికే గింజ మొలవాలి. మీరు సెల్ఫీకి అడుగేసిన చోట రెండో పంట నలిగిపోతుంది. గట్టు మీదే నడవండి, అదీ "దిగొచ్చా అండీ" అని అడిగాక. అక్కడున్నది కౌలురైతు కావచ్చు, కౌలు కట్టాక మిగిలేదే ఆయనకి.

గట్లకి ఎలుక కలుగులుంటాయి, కాలు మోకాలిదాకా దిగిపోతుంది. ఎలుకలున్న చోట పాములూ ఉంటాయి. నాగుపాము, రక్తపింజర, కట్లపాము మూడూ డెల్టాలో ఉన్నవే. చెప్పులు కాదు, చీలమండ కప్పే బూట్లు వేసుకోండి. ఖర్మకాలి కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం లాంటివి చేయకుండా 108కి ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికే. ఇంకోటి, ధాన్యం రాశి దగ్గరికి వెళ్తే మాత్రం అవే బూట్లు విప్పేయాలి. చెప్పులతో రాశి తొక్కితే ఏ ఊళ్లోనూ ఊరుకోరు.

కారులో వెళ్లేవాళ్లకి అసలు సమస్య రోడ్డు. మిషన్ నుంచి దిగిన ధాన్యంలో తేమ 20 శాతం పైనే ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో ఒప్పుకునేది 17 శాతం. ఆ తేడా పోగొట్టడానికే ధాన్యమంతా రోడ్డెక్కుతుంది. సగం రోడ్డు బరకాలు, అంచులకి రాళ్లు, కంపలు. చక్రం ఎక్కిస్తే గింజ చితికి నూక అవుతుంది. 2025-26లో సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. అంటే 75 కేజీల బస్తా దాదాపు 1,777. దాని మీంచి బండి తోలకండి. బైకు వాళ్లు చీకటి పడ్డాక ఈ రోడ్ల మీద తిరగొద్దు. గింజల మీద బ్రేకు పడదు, రాళ్లు కనపడవు. రోడ్డు మీద ఆరబెట్టడం తప్పే, కానీ కళ్లాలన్నీ ఇళ్ల స్థలాలైపోయాక వాళ్లు మాత్రం ఎక్కడ పోస్తారు?

దారి విషయానికొస్తే, కొబ్బరిచెట్ల ఫొటోలు చూసి అందరూ తిన్నగా అమలాపురం పోతారు. కోనసీమలో వరి ఉంది, కానీ కొబ్బరితోటల మధ్య తునకలు తునకలుగా. కనుచూపు మేర వరి కావాలంటే గోదావరి తూర్పు పాయ గౌతమికి ఇవతల, రాజమండ్రి వైపున్న తూర్పు డెల్టాయే. రాజమండ్రి నుంచి కడియం, మండపేట, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి వెళ్లండి. మెయిన్ రోడ్డు నుంచి చేల మధ్య బండిదారి, అంటే ఏదో ఒక పుంతలోకి తిరిగితేనే చేలు దగ్గరగా కనిపిస్తాయి. మండపేట దగ్గర తాపేశ్వరం కాజా, ద్రాక్షారామంలో భీమేశ్వరుడి దర్శనం ఎలాగూ ఉన్నాయి. కోటిపల్లిలో పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కి గౌతమి దాటితే ముక్తేశ్వరం, అక్కణ్నుంచి అమలాపురం. పంటు ఆ రోజు నడుస్తోందో లేదో, ఆఖరి ట్రిప్పు ఎప్పుడో ముందే కనుక్కోండి. తిరుగుదారి రావులపాలెం, ఆత్రేయపురం, బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ రేకు కూడా బియ్యప్పిండి జారుతో తీసేదే. భీమవరం, ఉండి వైపు మాత్రం కోతల కోసం వెళ్లకండి, అక్కడ చాలా చేలు చేపలు, రొయ్యల చెరువులైపోయాయి.

మార్కులు అడిగితే, తూర్పు డెల్టా దారికి పదికి ఎనిమిది, ఒక్క అమలాపురం చుట్టుపక్కలకి ఆరు. రెండు మార్కులు ఎక్కడ తగ్గించామంటే, నీడకి, బాత్రూముకి మధ్యలో చోటుండదు, ముఖ్యంగా ఆడవాళ్లకి ఇబ్బంది.

తుఫాను హెచ్చరిక ఉంటే ట్రిప్పు మానుకోండి. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమని ఏం చేసిందో అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. పెద్ద తుఫాను అక్కర్లేదు, కోతల ముందు రెండు రోజుల ముసురు చాలు. పడిపోయిన చేలో నీళ్లు నిలిస్తే కంకి మీదే మొలకలొస్తాయి, గింజ రంగు మారుతుంది, ధర కోస్తారు. బరకాల కోసం, మిషన్ కోసం ఊరంతా పరుగులు పెడుతున్నప్పుడు కెమెరాతో ఎదురుపడటం బాగోదు.

దాళ్వా కోతలకి వెళ్లొచ్చా అంటే, వెళ్లొచ్చు. ఏప్రిల్లో ఉంటాయి, దిగుబడి సార్వా కన్నా ఎక్కువ, తుఫాను భయం తక్కువ. మంచు ఉండదు కాబట్టి మిషన్లు పొద్దున్నే దిగుతాయి. కానీ ఎండ మామూలుగా ఉండదు, తొమ్మిదింటికల్లా చూడ్డం ముగించేయాలి. కాలువలో నీళ్లు కూడా చూడాలనుకుంటే నెలాఖరు దాకా ఆగకండి, కాలువలు కట్టేస్తారు. ఉంటామండీ.