బాకీ లెక్కపెట్టిన తల్లి

శ్రోతలకు నమస్కారం.

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు సాహస నవలల్లో ఓడలకూ గుహలకూ నిధులకూ కొదవ లేదు గాని, ఆడవాళ్లు మాత్రం వెతికితే గాని కనిపించరు. 1885లో రైడర్ హగ్గార్డ్ రాసిన 'కింగ్ సోలమన్స్ మైన్స్'లో కథకుడు ఈ కథలో ఎక్కడా లంగా జాడైనా ఉండదని మొదట్లోనే చెప్పుకుంటాడు. తీరా చూస్తే అందులో ఫౌలాటా అనే ఆఫ్రికా యువతి ఉంది. జబ్బుపడిన తెల్లదొరకు రాత్రింబవళ్లు సేవచేసి బతికించిన ఆ పిల్ల, చివరకు గుహలో కత్తిపోటుకు ప్రాణాలు విడుస్తుంది. ఆమె పోవడమే మేలయిందనీ, లేకపోతే చిక్కులు వచ్చేవనీ కథకుడు రాసుకున్న మాట చదివినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది.

స్టీవెన్సన్ 1883లో పుస్తకంగా వెలువరించిన 'ట్రెజర్ ఐలండ్' మనకు 'కాంచనద్వీపం'గా తెలుసు. కథలో ఆడవాళ్లు ఉండకూడదని తన సవతి కొడుకు లాయిడ్ ఆజ్ఞాపించాడని ఆయన ఒక మిత్రుడికి రాశారు. అయినా కథ చెప్పే కుర్రాడు జిమ్ తల్లి ఉండనే ఉంది. వాళ్ల సత్రంలో దిగిన ముసలి నావికుడు బాకీ తీర్చకుండానే చనిపోతాడు. అతని పెట్టె కోసం దొంగలు రాబోతున్నారు. ఊళ్లో మగవాళ్లు ఒక్కరూ తోడు రామంటే, మీకు ధైర్యం లేకపోతే నాకూ నా కొడుక్కీ ఉందని ఆమె చీకట్లో సత్రానికి తిరిగి వస్తుంది. కొవ్వొత్తి వెలుగులో సంచి విప్పితే రకరకాల దేశాల నాణేలు కలగాపులగంగా ఉన్నాయి. ఆమెకు లెక్కించడం తెలిసినవి గినీలనే ఇంగ్లండు బంగారు నాణేలు మాత్రమే, సంచిలో అన్నిటికన్నా తక్కువున్నవీ అవే. ఉన్నదంతా పట్టుకుపోదామని కొడుకు బతిమాలినా, రావలసినదానికి ఒక్క కాసు ఎక్కువ ముట్టదు, తక్కువకు ఒప్పుకోదు. ఇంతలో కొండమీద ఈల వినిపించింది. లెక్క సగమే అయింది. లెక్కపెట్టినంతే తీసుకుని ఆమె లేస్తే, మిగతా బాకీకి బదులని జిమ్ ఒక మైనపుగుడ్డ పొట్లం చేతబట్టుకుంటాడు. ద్వీపం పటం ఉన్నది దానిలోనే. కథంతా ఆ తల్లి పట్టుదల నుంచే పుట్టిందని నేను గట్టిగా నమ్ముతాను. మరి కొడుకో, ఆ నిజాయితీనే దురాశతో కలిపి నిందిస్తాడు. ఆమె స్పృహతప్పి పడిపోయాక, కొడుకు వీడ్కోలు తీసుకునే చోట తప్ప, కథ ఆమెను వదిలేసి ఓడెక్కుతుంది.

ఆ కథలోని ఒంటికాలి సముద్రపు దొంగ సిల్వర్ భార్య సంగతీ ఇంతే. అతని సత్రం అమ్మి, డబ్బు సర్దుకుని, అనుకున్న చోటికి బయలుదేరిన ఆ నల్లజాతి స్త్రీ పుస్తకంలో ఒక్కసారీ మన కంటబడదు, ఆమెకు పేరు కూడా లేదు.

చివరి అధ్యాయంలో నిధిలో ఎవరి వాటా ఏమైందో రచయిత ఓపికగా చెబుతారు. ద్వీపంలో ఒంటరిగా చిక్కుకుపోయిన నావికుడు బెన్ గన్ తన వెయ్యి పౌన్లను పందొమ్మిది రోజుల్లో పోగొట్టుకున్నాడని కూడా చెబుతారు. జిమ్ తల్లికి రావలసిన మిగతా సగం బాకీ ముట్టిందో లేదో మాత్రం ఎక్కడా లేదు.