చెయ్యెత్తి, విజిల్ ఊదకుండా

అందరికీ నమస్కారం. మన పిల్లల ఐస్ హాకీ మ్యాచ్‌ల్లో గీత దగ్గర నిలబడి తీర్పు చెప్పే లైన్స్‌మన్‌ని నేనే. ప్రతి శనివారం రింక్‌లో, అంటే మంచు మైదానంలో, అద్దం అవతల నుంచి మీరు నా మీద అరుస్తుంటారు. ఇవాళ మైకు నా చేతికొచ్చింది.

పోయిన వారం ఒక తల్లి నన్ను ఆపి, "అవతలి పిల్లాడి కర్ర ముందే బ్లూలైన్ దాటిందండీ, ఎందుకు ఆపలేదు?" అన్నారు. బ్లూలైన్ అంటే ప్రత్యర్థి గోల్ ఉన్న భాగం మొదలయ్యే నీలి గీత. అమ్మా, కర్రతో పనిలేదు, స్కేట్లే లెక్క. పక్, అంటే ఆడే రబ్బరు బిళ్ళ, బ్లూలైన్‌ని పూర్తిగా దాటేలోపే దాడి చేసే ఆటగాడి రెండు స్కేట్లూ అవతలికి వెళ్ళిపోతే ఆఫ్‌సైడ్ అనే తప్పు. ఒక్క స్కేటు గీత మీదున్నా ఆట సాగుతుంది. ఆ గీత వెడల్పు 12 అంగుళాలు. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 2020-21 సీజన్ నుంచి ఆ స్కేటు మంచును తాకక్కర్లేదు, గీతకు పైన గాల్లో ఉన్నా చాలు.

ఇంతవరకూ పుస్తకంలో ఉన్నదే. కష్టమల్లా చూడటంలో ఉంది. గీత పక్కన, బోర్డుకి ఆనుకుని నిలబడి, ఒకే చూపులో పక్‌నీ పాదాలనీ పట్టుకోవాలి. పక్ నా కాళ్ళ మీదికే వస్తే బోర్డు పట్టుకుని పైకి ఎగరాలి. అప్పుడు కూడా కళ్ళు గీత మీదే.

చెయ్యెత్తి విజిల్ ఊదకపోతే నేను నిద్రపోతున్నానని అనుకోకండి. ముందే లోపలికెళ్ళిన వాళ్ళంతా వెనక్కొచ్చి గీత తాకేదాకా ఆగుతున్నానని దానర్థం. ఆఖరివాడు తాకగానే చెయ్యి దించేస్తాను. ఈలోగా వాళ్ళలో ఎవరైనా పక్‌ని ముట్టుకుంటే విజిల్.

పక్ లోపల ఉన్నప్పుడు లెక్క తిరగబడుతుంది. గీత కూడా లోపలి భాగమే అవుతుంది, పక్ దాన్ని పూర్తిగా దాటితేనే బయటికొచ్చినట్టు. 1980 మే 24న ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ కోసం ఐలాండర్స్, ఫ్లయర్స్ జట్లు ఆడిన ఫైనల్ ఆరో మ్యాచ్‌లో జరిగిందిదే. ఐలాండర్స్ ఆటగాడు క్లార్క్ గిలీస్ వెనక్కి వదిలిన పక్ గీత బయటికెళ్ళింది. అతని జట్టువాడే అయిన గోరింగ్ దాన్ని మళ్ళీ లోపలికి తెచ్చాడు, డ్వేన్ సటర్ గోల్ కొట్టాడు. అది ఆఫ్‌సైడ్ కావాల్సింది, కానీ లైన్స్‌మన్ లియాన్ స్టికిల్ చేతులు చాపి ఆన్‌సైడ్ అన్నారు. ఫ్లయర్స్ ఆ మ్యాచ్‌ని ఓవర్‌టైమ్‌లో 5-4తో పోగొట్టుకున్నారు, కప్పు కూడా పోయింది. పొరపాటు నాదేనని స్టికిల్ ఒప్పుకున్నారు. నాకాయనంటే గౌరవం.

2015-16 నుంచి ఎన్‌హెచ్‌ఎల్ కోచ్‌లు గోల్ మీద వీడియో చూసి తీర్పు సరిచూడమని అడగొచ్చు. ఇప్పుడు అడిగి ఓడిపోతే జట్టుకి రెండు నిమిషాల పెనాల్టీ. మన పిల్లల మ్యాచ్‌ల్లో వీడియో లేదు, పెనాల్టీ కూడా లేదు. అందుకేనేమో అద్దం అవతల అంత ధైర్యం!