చుట్టాలొస్తే బిర్యానీ ఎందుకండీ? పులిహోర కలపండి!

20 మంది చుట్టాలు. మనిషికి మూడు గారెలు. మొత్తం 60. ఇంట్లో మూకుడులో వాయికి ఐదు పడతాయి. అంటే 12 వాయిలు. వాయికి ఐదారు నిమిషాలు. గంట పైమాటే! ఆ గంటా ఒక మనిషి నూనె ముందు కదలకుండా నిలబడాలి. హాల్లో నవ్వులు, వంటింట్లో చెమటలు. దీనికి మనం పెట్టుకున్న పేరు మర్యాద!

నమస్కారమండీ. పండగొచ్చిందంటే మళ్ళీ అదే గొడవ. ఇంటినిండా జనం ఉంటే బిర్యానీ పెట్టాలా వద్దా? "పులిహోర పెట్టి పంపించేశారు" అని మూతి తిప్పేవాళ్ళు ఒకపక్క, "ఈ ధరల్లో ఎక్కణ్ణుంచి తెస్తాం" అని తలపట్టుకునేవాళ్ళు ఇంకోపక్క. మీకు తెలిసిందే కదా, సూటిగా విషయానికొస్తా.

నా లెక్కలో వంటలు రెండే రకాలు. లెక్క వంట, గరిటె వంట. గారె, పూరీ, చపాతీ, దోసె, ఇవన్నీ లెక్క వంటలు. మనిషి పెరిగితే చాకిరీ పెరుగుతుంది. పులిహోర, పప్పుచారు, దద్దోజనం, ఉప్మా గరిటె వంటలు. మనిషి పెరిగితే గిన్నె పెద్దదవుతుంది, అంతే. చుట్టాలొచ్చినప్పుడు లెక్క వంట జోలికి పోకూడదు. పోకూడదంటే పోకూడదు!

"మరి బిర్యానీ గరిటెతోనే పెడతాంగా" అంటారు. అక్కడే మోసపోతున్నారు! బిర్యానీ గరిటె వేషం వేసుకున్న లెక్క వంట. 20 మందికి రెండున్నర కిలోల చికెన్ తెచ్చారనుకోండి, అంటే రెండు కోళ్ళు. రెండు కోళ్ళకి కాళ్ళెన్ని? నాలుగు. పిల్లలు ఏడుగురు. ఇక మీరే చూసుకోండి. పైగా ఇంటి గ్యాస్ పొయ్యి మంట గిన్నె మధ్యలోనే తగులుతుంది. పెద్ద గిన్నె పెడితే మధ్యలో అడుగంటుతుంది, అంచుల్లో ముక్క పచ్చిగా ఉంటుంది. కింద పెనం పెడితే కొంత నయం, పూర్తిగా కాదు. హోటల్ వాళ్ళకి కుదురుతుంది కదా అంటే, వాళ్ళ పొయ్యి వేరు, మీ పొయ్యి వేరు.

గుళ్ళో ప్రసాదాలు చూడండి. పులిహోర, దద్దోజనం, చక్కెర పొంగలి. వేలమందికి పెట్టాల్సినవాళ్ళు ఎంచుకున్నవి గరిటె వంటలు! "తిరుపతి లడ్డూ మాటేంటి" అని కింద రాయడానికి రెడీ అయిపోయారు కదూ? స్వామివారికి పోటు అనే వంటశాల ఉందండీ, అందులో పనిచేసే మనుషులున్నారు. మీ ఇంట్లో ఉన్నది రెండు బర్నర్ల పొయ్యి.

సరే, 20 మందికి లెక్క రాసుకోండి. పులిహోరకి కిలోన్నర బియ్యం, తెల్లన్నానికి కిలోంపావు. సోనామసూరి చాలు, కానీ పాత బియ్యం కావాలి. కొత్త బియ్యం ముద్దవుతుంది.

ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే. కిలోన్నర బియ్యం ఒకేసారి కుక్కర్లో కుక్కేస్తారు. అయిదు లీటర్ల కుక్కర్‌లో కిలోకి మించి పెట్టకూడదు, మూడింట రెండు వంతులకి పైన నింపకూడదు. అది పక్కనపెట్టినా, అంత అన్నం బరువుకి అడుగునున్న మెతుకు నలిగిపోతుంది. కాబట్టి వార్చండి! పెద్ద తపేలాలో ఏడెనిమిది లీటర్ల నీళ్ళు తెర్లనిచ్చి, అరగంట నానిన బియ్యం పొయ్యండి. ఒక మెతుకు తీసి వేళ్ళ మధ్య నొక్కండి. మెత్తగా నలిగి, మధ్యలో ఆవగింజలో సగమంత పలుకు తగలాలి. అప్పుడే దించి, సిబ్బి పెట్టి గంజి వంచెయ్యండి. ఆ పలుకు పళ్ళెంలో ఆవిరికే ఉడుకుతుంది. పలుకు పోయేదాకా ఆగితే మీరు చేసేది పులిహోర కాదు, పులుపు ముద్ద.

పెద్ద తాంబాళంలో రెండంగుళాల మందానికి మించకుండా పరవండి. వేడిమీదే మూడు గరిటెల నూనె, పసుపు, పచ్చి కరివేపాకు వేసి వదిలెయ్యండి. అప్పుడే కలపకండి, వేడన్నం విరుగుతుంది. గోరువెచ్చన అయ్యాక అట్లకాడతో కిందనుంచి పైకి తిప్పాలి.

చింతపండు 180 గ్రాములు. కొత్తది తీసుకోండి, పాతదైతే పులిహోర నల్లబడుతుంది. వేడినీళ్ళలో అరగంట నానబెట్టి చిక్కటి గుజ్జు తియ్యండి. నూనెలో 15 పచ్చిమిరపకాయలు చీల్చి వేసి, గుజ్జు, పసుపు, రెండున్నర టేబుల్ స్పూన్ల ఉప్పు వేసి సన్నసెగన ఉడికించండి. ఎప్పటిదాకా? నూనె పైకి తేలేదాకా. 15, 20 నిమిషాలు పడుతుంది. తొందరపడి దించితే పచ్చివాసన, పైగా నీరు మిగిలిపోయి త్వరగా పాడవుతుంది.

పోపుకి 20 ఎండుమిర్చి, 75 గ్రాముల శెనగపప్పు, 50 మినప్పప్పు, ఆవాలు, అరచెంచా ఇంగువ. పల్లీలు 200 గ్రాములు విడిగా వేయించి వడ్డించేముందే కలపండి. ముందే వేస్తే మెత్తబడతాయి. మొత్తం నూనె పావు లీటరు. తగ్గిస్తే మెతుకు ఎండి గొంతులో పడుతుంది. డైటింగ్ ఇంకోరోజు చూసుకుందురు.

కలిపిన వెంటనే రుచి చూస్తే ఉప్పూ పులుపూ కాస్త ఎక్కువనిపించాలి. సరిగ్గా ఉందనిపిస్తే తప్పు చేశారన్నమాటే! రెండు గంటలకి మెతుకు పీల్చుకుని చప్పబడుతుంది. కుర్రాళ్ళ భాషలో పులిహోర కలపడమంటే అమ్మాయి దగ్గర తియ్యటి కబుర్లు చెప్పడం కదా, దానిక్కూడా ఇంతే ఓపిక కావాలనుకుంటా.

ఇంకో లాభం. తెల్లన్నం పొద్దున వండి, మూతపెట్టి రాత్రిదాకా బయట వదిలేస్తే పాడవుతుంది. ఉడికినా చావని బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అందులో మొలిచి పెరుగుతాయి, తిన్నవాళ్ళకి వాంతులు. చింతపండు పులుపు ఆ పెరుగుదలని అడ్డుకుంటుంది. పూర్వం ప్రయాణాలకి పులిహోర మూట కట్టింది ఊరికే కాదు. అందుకే పులిహోర పొద్దున్నే చేసి పెట్టుకోండి, తెల్లన్నం మాత్రం వడ్డనకి గంట ముందు.

పప్పుచారుకి కందిపప్పు అరకిలో. అరగంట నానబెట్టి మెత్తగా ఉడికించాలి. పప్పుతో కుక్కర్ సగానికి మించి నింపకూడదు, నురగ పొంగి విజిల్ గొట్టం మూసుకుపోతుంది. సొరకాయ, మునక్కాయలు, ఉల్లిపాయలు, టమాటాలు కలిపి కిలోన్నర. ముందు ముక్కలు ఉడకాలి, తర్వాతే 75 గ్రాముల చింతపండు రసం. పులుపు ముందు పడితే సొరకాయ ముక్క గంటసేపైనా గట్టిగానే ఉంటుంది. "గ్యాస్ అయిపోయింది కానీ ముక్క ఉడకలేదు" అంటారే, గ్యాస్‌ది కాదు తప్పు! మొత్తం అయిదు లీటర్లు రావాలి. చెప్పకుండా ఇంకో నలుగురు దిగితే లీటరు మరిగిన నీళ్ళు, చిటికెడు ఉప్పూ కారం, ఇంకోసారి పోపు. ఎవరికీ తెలియదు. చెప్పకుండా దిగే అతిథులకి మీ బిర్యానీలో ఏం పోస్తారు, చెప్పండి?

పెరుగుకి మూడు లీటర్ల పాలు, ముందురోజు రాత్రే తోడు వెయ్యాలి. వేలు పెడితే ఓర్చుకోగలిగేంత వెచ్చగా ఉన్నప్పుడే. సంక్రాంతి చలికి గిన్నె చుట్టూ దుప్పటి చుట్టండి, లేకపోతే పొద్దునకి పాలు పాలలాగే ఉంటాయి. ఈ భోజనం మొత్తంలో ఖరీదైన వస్తువు పాలే. సరుకుల చీటీ రాసుకుని చూసుకోండి.

పక్కన ఆవకాయ, అప్పడాలు. అప్పడం లెక్క వంట కాదా అంటారేమో! పొద్దున్నే వేయించి గాలి చొరని డబ్బాలో పెట్టండి. వేడిగా పెట్టాల్సిన పని లేనప్పుడు లెక్కున్నా పర్వాలేదు. అయినా ఒక్క మినహాయింపు ఇవ్వలేదంటే నన్ను నియంత అంటారు.

బంగాళాదుంప వేపుడు మాత్రం వద్దు. రెండు కిలోల ముక్కలు ఒకే మూకుడులో పోస్తే వేగవు, వాటి నీటితోనే అవి ఉడికి చితుకుతాయి. వాయిలుగా చేస్తే మళ్ళీ గారెల కథే.

ఆవ పెట్టిన పులిహోర ఇష్టమైనవాళ్ళు చెంచాన్నర ఆవాలు, రెండు ఎండుమిర్చి, చిన్న అల్లం ముక్క నూరి చివర్లో పచ్చిగా కలపండి. గుజ్జులో ఉడికిస్తే ఘాటంతా పోతుంది. ఇక గుజ్జులో చిన్న బెల్లం ముక్క వెయ్యాలా వద్దా? నేను వేయమంటాను. వేస్తే అది పులిహోరే కాదనేవాళ్ళు కింద కామెంట్లలో కాచుక్కూర్చున్నారని తెలుసు. రండి, చూసుకుందాం.