పారవేస్తున్న పొట్టులోని ఔషధ సంపద

ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు మండలాల నుంచి వచ్చిన రైతు సోదరులకు, పీలింగ్ షెడ్లలో పొద్దంతా నిలబడి రొయ్యలు ఒలిచే అక్కచెల్లెళ్లకు నమస్కారం.

మన నెల్లూరు తీరం నుంచి వనామి రొయ్య దేశాలు దాటి వెళుతోంది. అయితే దాని బరువులో దాదాపు సగం ఉండే తల, పొట్టు ఒలిచిన చోటే మిగిలిపోతున్నాయి. ఈ రోజు ఆ సగం గురించే మాట్లాడదలచుకున్నాను.

బూడిదరంగు పచ్చిరొయ్యలను కాగిన నూనెలో వేయగానే అవి ఎర్రబడతాయి, కాసేపటికి నూనె కూడా ఎరుపెక్కుతుంది. ఆ రంగు అప్పటికప్పుడు పుట్టినది కాదు. అస్టాజాంతిన్ అనే ఎర్రని వర్ణద్రవ్యం పచ్చి పెంకులో ఒక ప్రోటీనును అంటిపెట్టుకుని ఉన్నంతసేపూ నీలిబూడిదగా కనిపిస్తుంది. వేడికి ఆ ప్రోటీను పట్టు సడలగానే అసలు రంగు బయటపడి, కొవ్వులో కరిగే గుణం వల్ల నూనెలోకి దిగుతుంది. ఇది శక్తిమంతమైన యాంటీఆక్సిడెంటు, అంటే ఆక్సీకరణ వల్ల కలిగే నష్టాన్ని అడ్డుకునే పదార్థం. పులుసు మీద తేలే ఆ ఎర్రని తెట్టును ఇకపై గౌరవంగా చూడండి.

పొట్టులో సున్నపు లవణాలు, ప్రోటీను, వాటితో పెనవేసుకున్న కైటిన్ అనే గట్టి పీచు పదార్థం ఉంటాయి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్రాకొన్నో 1811లో మొదట పుట్టగొడుగుల్లో గుర్తించిన పదార్థమే ఈ కైటిన్. పలుచని ఆమ్లంతో సున్నాన్ని, పలుచని క్షారంతో ప్రోటీనును తొలగిస్తే అది మిగులుతుంది. గాఢ క్షారంలో వేడిచేస్తే కైటోసాన్‌గా మారుతుంది. కైటోసాన్‌ది ధనావేశం, ఎర్రరక్తకణాల ఉపరితలానిది ఋణావేశం కావడంతో, దానితో చేసిన కట్టు గాయం మీద రక్తకణాలను దగ్గరకు లాగి నెత్తురు కారడాన్ని ఆపుతుంది. యుద్ధరంగంలో గాయపడిన సైనికులకు ఇలాంటి కట్లే కట్టారు. కీళ్ల కోసం మాత్రలుగా అమ్మే గ్లూకోసమిన్‌ను కూడా కైటిన్ నుంచి తయారు చేస్తారు కానీ, మోకాళ్ల నొప్పుల మీద దాని ప్రభావం గురించి పరీక్షల ఫలితాలు ఒక్క తీరుగా లేవు కనుక వైద్యుని అడగకుండా కొనవద్దు.

రొయ్యలతో పాటు ఆల్చిప్పల సంగతీ చెప్పాలి: వాటి మాంసంలో జింకు, టారిన్ అనే అమైనో ఆమ్లం సమృద్ధిగా ఉంటాయి. టారిన్ నీటిలో కరుగుతుంది కాబట్టి ఉడికించిన నీటిని పారబోయకూడదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. రొయ్య కండలోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీను కొందరికి పడదు, ఎంత ఉడికించినా దాని గుణం పోదు. తిన్న తరువాత దద్దుర్లు, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చివరగా షెడ్ల యజమానులకు నా విన్నపం: తలలోని జీర్ణరసాలు మన ఎండకు కొద్ది గంటల్లోనే అంతటినీ కుళ్లబెడతాయి. తలలను, పొట్టును వేరువేరు ట్రేలలో వేసి, ఒలిచిన వెంటనే ఐసు కప్పించండి.