సేవ ముందా, కిస్తీ ముందా? ఉద్దానం సోదరి అడిగిన ప్రశ్న

(శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల శ్రోతల కోసం ఒక పాస్టరు అయ్యగారితో జరిగిన క్రైస్తవ ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. కాల్ చేసినవాళ్ల కోరిక మీద పేర్లు తీసేశాం.)

వ్యాఖ్యాత: అందరికీ వందనాలు. అయ్యగారూ, మొదటి కాల్ ఉద్దానంలో కవిటి వైపు నుంచి. చెప్పండమ్మా, లైన్లో ఉన్నారు.

సోదరి: వందనాలు అయ్యగారూ. 2018లో తిత్లీ తుపానుకి మా కొబ్బరి చెట్లు పడిపోయాయండి. తర్వాత అప్పు చేసి ఆటో కొన్నాం. ఇప్పుడు దాని మీదే బతుకుతున్నాం. అయితే మా ఆయన...

అయ్యగారు: నెమ్మదిగా చెప్పు తల్లీ, తొందరేం లేదు.

సోదరి: మా ఊళ్లో కిడ్నీ పేషెంట్లు ఎక్కువండి. సోమవారం, గురువారం వాళ్లని డయాలసిస్‌కి సోంపేట తీసుకెళ్లి తీసుకొస్తారు. పైసా తీసుకోరు. ఆ రెండు రోజులూ వేరే బేరాలు ఉండవు. ఫైనాన్స్ కిస్తీలు రెండు ఆగిపోయాయి. పాపకి ఇంటర్ ఫీజు కట్టాలి. అడిగితే, దేవుని రాజ్యాన్ని మొదట వెతుకు, మిగతావి ఆయనే ఇస్తాడు అంటారు. నాకే విశ్వాసం లేదా అయ్యగారూ? రాత్రంతా ఒకటే టెన్షన్.

అయ్యగారు: మెషీన్ మీద నాలుగు గంటలుంటారు కదమ్మా. అంతసేపూ ఆయన ఏం చేస్తాడు?

సోదరి: అక్కడే ఉంటారండి. ఒక తాతగారికి డయాలసిస్ అయ్యాక కాళ్లు నిలవవు. ఈయనే ఎత్తి కూర్చోబెడతారు. గతుకులకి నడుం అదరకుండా మా దుప్పటి మడిచి వెనక సీట్లో వేశారు.

అయ్యగారు: ఆ దుప్పటి ప్రభువు కోసం వేసిందేనమ్మా. రోగిగా ఉన్నప్పుడు నన్ను చూడవచ్చారు అని మత్తయి 25లో ఆయనే అన్నాడు. ఈ సేవ మానమని నేను చెప్పను. కిస్తీలన్నీ తీరాక చేద్దాం అనుకుంటే అవి ఎప్పటికీ తీరవు. ఆటో అప్పు అయితే ఇల్లు, ఇల్లు అయితే పాప పెళ్లి. రిటైరయ్యాక సేవ చేస్తానన్నవాళ్లను చాలామందిని చూశాను. నువ్వు అవిశ్వాసివి కావు, పిల్ల ఫీజు గుర్తుపెట్టుకున్న తల్లివి. ఆయన పక్కనే ఉన్నాడా?

సోదరి: ఉన్నారండి. ఇస్తున్నాను.

సోదరుడు: వందనాలు అయ్యగారూ.

అయ్యగారు: వందనాలు నాయనా. నీ పని విని నా మనసు నిండిపోయింది. అందుకే గట్టిగా అడుగుతాను, ఏమీ అనుకోకు. ఈ రెండు రోజుల సంగతి మొదలుపెట్టేటప్పుడు మీ ఆవిడతో కూర్చుని మాట్లాడావా?

సోదరుడు: లేదండి. కాదనదు అనుకున్నాను.

అయ్యగారు: ఈ సేవ ఖర్చులో సగం ఆవిడే మోస్తోంది, నిద్ర మానుకుని మరీ. కాబట్టి ఆవిడ మాట కూడా ఉండాలి. రెండోది, కిస్తీ. సంతకం పెట్టి తెచ్చుకున్న డబ్బు ఇంకొకరిది. అది ఎగ్గొట్టి ఇచ్చే కానుకను దేవుడు అడగలేదు. ఎవరికీ అచ్చియుండవద్దని, అంటే బాకీ ఉండొద్దని, రోమా 13లో ఉంది కదా. దేవునికి ఇచ్చేశాం అని వంక పెట్టి తల్లిదండ్రులకు చేయాల్సింది మానేసినవాళ్లను ప్రభువు ఎంత గట్టిగా మందలించాడో మార్కు 7లో చదువు.

సోదరుడు: మరి వాళ్లను వదిలెయ్యమంటారా అయ్యగారూ? ఆటోకి డబ్బుల్లేక డయాలసిస్ మానేసినవాళ్లు ఉన్నారు.

అయ్యగారు: వద్దు, వద్దు. మీ సంఘంలో ఎన్ని కుటుంబాలు?

సోదరుడు: ముప్పై దాకా ఉంటాయండి.

అయ్యగారు: డీజిల్‌కి ఎవరైనా ఏమైనా ఇచ్చారా?

సోదరుడు: ఎవరికీ చెప్పలేదండి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు కదా.

అయ్యగారు: ఆ మాట మనుషుల మెప్పు కోసం బాకా ఊదించుకునేవాళ్లకి చెప్పింది. మంచం పట్టినవాడికి బండి కావాలని సంఘానికి చెప్తే అది బాకా కాదు. అపొస్తలుల కార్యాలు 6 చూడు. విధవరాండ్రకు రోజూ పంచే భోజనంలో లోటు వచ్చింది. దానికి ఒక్కడు ఇల్లు అమ్ముకోలేదు. సంఘమంతా కూడి ఏడుగురిని ఏర్పరచుకుంది. ఆ పని ఇప్పుడు మీ ఊళ్లో నువ్వొక్కడివే చేస్తున్నావు. అదే నాకు బాధ.

సోదరుడు: పెద్దలకి చెప్పమంటారా?

అయ్యగారు: ఈ ఆదివారం ఆరాధన అవగానే కూర్చోండి, ఆవిడ కూడా ఉండాలి. రెండు రోజుల డీజిల్ సంఘం కానుకల్లోంచి అడుగు. ఆసుపత్రిలో ఆ నాలుగు గంటలూ యూత్‌లో ఒక కుర్రాణ్ణి కూర్చోమని అడుగు. అప్పుడు నువ్వు సోంపేటలో నాలుగు బేరాలు వేసుకోవచ్చు. డయాలసిస్ వాళ్లకి ప్రభుత్వం నెలకి 10,000 పింఛను ఇస్తోంది. అది అందేవాళ్లు తమంతట తాము డీజిల్‌కి ఇస్తానంటే కాదనకు. అందనివాళ్ల దగ్గర మాత్రం చెయ్యి చాపకు. మిగతా రోజుల్లో ఇంటికి రాగానే కిస్తీకి తీయాల్సింది తీసి ఆవిడ చేతికివ్వు. ఫైనాన్స్ ఆఫీసుకు రేపే వెళ్లి, రెండు కిస్తీలు ఎలా కడతావో నీ నోటితో చెప్పు. వాళ్లు ఇంటికొచ్చేదాకా ఆగకు.

సోదరుడు: సరే అయ్యగారూ. సోమ, గురువారాలు మాత్రం వదలనండి.

అయ్యగారు: వదలకు నాయనా. మీ కోసం ప్రార్థన చేస్తాను.

వ్యాఖ్యాత: విజయనగరం నుంచి ఇంకో కాల్. టైమ్ తక్కువుంది తమ్ముడూ, క్లుప్తంగా చెప్పండి.

శ్రోత: అయ్యగారూ, బయటి నుంచి వచ్చిన ఒక బోధకుడు బంగారం కానుకిస్తే పదింతలు వస్తుందన్నాడు. మా అమ్మ గాజులు తీసి ఇస్తానంటోంది. బీద విధవరాలు రెండు కాసులు వేసింది కదా అంటోంది.

అయ్యగారు: పదింతలు వస్తుందని ఇస్తే అది వడ్డీ వ్యాపారం బాబూ. మార్కు 12లో ఆ రెండు కాసుల సంగతికి ముందే, 40వ వచనం అమ్మకి చదివి వినిపించు. విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి ప్రభువు అక్కడే హెచ్చరించాడు. అమ్మకి ఇవ్వాలని ఉందంటే నువ్వు ఆపకు. ఇచ్చే చోటు మాత్రం మార్చు. మీ వీధిలో మందులు కొనుక్కోలేని ఇల్లు ఒకటి ఉంటుంది. అమ్మని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లు.

శ్రోత: గాజులు అమ్మమంటారా?

అయ్యగారు: అక్కర్లేదు. ఉన్నదాంట్లోంచి, నెలనెలా.